కొండ కనబడలేదని ధ్రువపత్రం

ఆ దేశం పేరు రాయడం లేదు. రాస్తే మనవాళ్ళు అక్కడికి ఇంకో బృందాన్ని పంపుతారు.

మధ్య అమెరికాలో ఉంటుంది. తూర్పున ఒక సముద్రం, పడమర ఒక సముద్రం, నడుమ అడవి, అడవి నడుమ ఒక అగ్నిపర్వతం. వాన పడుతూ ఉంటుంది, లేదా పడబోతూ ఉంటుంది. వీపుకి ఒక సంచీ, కాళ్ళకి ఒక జత చెప్పులు ఉంటే చాలు, ఆ దేశమంతా తిరిగి రావచ్చు. డొక్కు బస్సులు, అంతస్తుల మంచాలు వేసిన చవక హాస్టళ్ళు, పూటకో పళ్ళెం అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన అరటిపండు. ప్రపంచం నలుమూలల కుర్రకారూ అక్కడ నెలల తరబడి తిరుగుతారు.

ఇంత చవగ్గా మనుషులు ఎలా తిరగగలుగుతున్నారో అధ్యయనం చేసి రమ్మని రాష్ట్ర పొదుపు పర్యాటకాభివృద్ధి మండలి ముగ్గురు అధికారుల్ని విమానం ఎక్కించింది. తిరుగు టిక్కెట్టు ఇవ్వలేదు.

దానికి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఇలాంటిదే ఒక బృందం ఏదో దీవికి వెళ్ళి వచ్చి, పది ప్రదేశాల మీద రెండు వందల పేజీల నివేదిక ఇచ్చింది. వాళ్ళు హోటలు ఈతకొలను దాటి బయటకు రాలేదని తర్వాత తెలిసింది. నివేదికలో ఆరు పేజీలు వర్ణించిన జలపాతం పన్నెండేళ్ళ క్రితమే ఎండిపోయిందని కూడా తెలిసింది. శాసనసభలో గొడవైంది. మండలి సిగ్గుపడింది. సిగ్గుపడ్డ ప్రభుత్వ సంస్థ ఏం చేస్తుందో అదే చేసింది. సర్క్యులర్ తెచ్చింది.

నలభై ఏడో నంబరు సర్క్యులర్ ప్రకారం చూడవలసినదాన్ని చూశామని రుజువు చూపాలి. దానికోసం 'కన్నారా' అనే యాప్ తయారైంది. అధికారి ముఖం, చూడవలసిన వస్తువు, రెండూ ఒకే ఫొటోలో పడాలి. రెండింటినీ గుర్తుపడితే యాప్ పచ్చ టిక్కు పెడుతుంది. ఆమోదించిన కార్యక్రమంలోని అంశాలన్నిటికీ పచ్చ టిక్కు పడితే తిరుగు టిక్కెట్టు దానంతట అదే ఫోనులోకి వస్తుంది. ఒక్క టిక్కు తగ్గినా రాదు. చెప్పకుండా వచ్చేస్తే విధుల నుంచి పారిపోయినట్టు. పారిపోయినవాడికి పెన్షన్ లేదు.

ముగ్గురిలో పెద్ద జాయింట్ డైరెక్టర్ కోదండపాణి. ఆయన నిద్రలో కూడా ఆఫీసు భాషే మాట్లాడతాడని ప్రతీతి. రెండో మనిషి అసిస్టెంట్ డైరెక్టర్ హైమవతి. ఎవరేమన్నా రాసుకోవడం ఆవిడ పని. మూడోవాడు కాకినాడ ఆఫీసు సూపరింటెండెంటు ముక్తేశ్వరరావు. ఏప్రిల్ ముప్పైన రిటైరవుతున్నాడు. ముప్పై ఐదేళ్ళ సర్వీసులో ఒక్కసారీ దేశం దాటలేదని పైవాళ్ళెవరో జాలిపడి అతని పేరు చేర్చారు. ప్రభుత్వంలో జాలి అన్నది చాలా ప్రమాదకరమైన వస్తువు.

మార్చి పద్నాలుగున బయలుదేరుతుంటే అతని భార్య సుభాషిణి గుమ్మంలో నిలబడింది. ఆమె కుడికన్ను చూపు అప్పటికే సగం పోయింది. శుక్లం ముదిరింది. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ ఆయనగారి క్యాంపులే కారణం.

"మే నాలుగున డేటిచ్చారు," అంది ఆమె. "అది దాటితే ఆ కంటికి పూచీ లేదన్నారు డాక్టరుగారు. గుర్తుందాండీ?"

"తొమ్మిది రోజుల టూరే సుభాషిణీ. మార్చి నెలాఖరుకి ఇంట్లో ఉంటాను."

"మీరు పక్కన లేకుండా నేనా బల్ల ఎక్కను. తర్వాత నన్ను గుడ్డిదాన్ని చేశారంటే ఊరుకోను. ఇప్పుడే చెబుతున్నాను."

"ఎక్కడికెళ్తానే? కొండ చూసి వచ్చేయడమేగా."

అలా అన్నాడు.

* * *

ఆ ఊరి పేరు లా నియెబ్లా. వాళ్ళ భాషలో మంచు పొగ అని అర్థం. ఈ సంగతి కార్యక్రమం తయారుచేసినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

హాస్టల్ ఇసబెల్ అనే ఆవిడది. యాభై దాటిన మనిషి. దేశదేశాల కుర్రాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు వచ్చేసింది, ఓపిక పోయింది. మగవాళ్ళ గదిలో ఒకదాని మీద ఒకటిగా మూడంతస్తుల మంచాలు.

"సార్, మీరు కింద పడుకోండి," అన్నాడు ముక్తేశ్వరరావు. "మీకు మోకాళ్ళు నొప్పులు కదా."

కోదండపాణి మంచాన్ని కిందనుంచి పైదాకా పరిశీలించాడు. "నేను కింద పడుకుంటే నా మీద ఎవరు పడుకుంటారు?"

"ఇంకెవరున్నారండీ, నేనే."

"ఒక సూపరింటెండెంటు ఒక జాయింట్ డైరెక్టర్ మీద పడుకుంటాడా?" ఆయన గొంతు తగ్గించాడు. "మాన్యువల్ చదివారా? అధికారి ఆసనం తన కిందివారి ఆసనం కన్నా తగ్గి ఉండరాదు."

"ఆసనం అంటే కుర్చీ అనుకుంటానండీ."

"మంచం కుర్చీ కన్నా పెద్దది. పెద్దదానికి నిబంధన మరింత గట్టిగా వర్తిస్తుంది."

ముక్తేశ్వరరావు కిందనుంచి తోశాడు. ఇద్దరు జర్మనీ కుర్రాళ్ళు చేతులు పట్టి లాగారు. జాయింట్ డైరెక్టర్ మూడో అంతస్తుకు చేరి, పైకప్పుకి జానెడు దూరంలో వెల్లకిలా పడుకుని, హోదా కాపాడుకున్నాడు.

గడియారం సంగతి కూడా ఆరోజే తేలింది. ఆ దేశం మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. హాజరు ఏ వేళకు వేయాలని హైమవతి ప్రధాన కార్యాలయాన్ని అడిగింది. జవాబు వెంటనే వచ్చింది: "మండలికి ఒక్కటే గడియారము. అది ప్రధాన కార్యాలయము గోడకు వ్రేలాడుచున్నది. అధికారులు ఎచ్చట నున్నను తేదీ, సమయము దాని ప్రకారమే లెక్కింపబడును."

అందరూ తలూపారు. ఈ ముక్క పాఠకులు కూడా గుర్తుంచుకుంటే మంచిది.

మొదటి వారం పని బాగానే సాగింది. వేలాడే వంతెన మీద కోదండపాణి కళ్ళు మూసుకున్నాడు. 'ముఖము జాగృతావస్థలో లేదు' అని యాప్ తిప్పికొట్టింది. మూడుసార్లు నడిచాక టిక్కు పడింది. చెట్టుకొమ్మకు వేలాడుతూ రోజంతా నిద్రపోయే స్లాత్ అనే జంతువు దగ్గర ఇబ్బంది రాలేదు. అది కదల్లేదు. 'అత్యంత తక్కువ శ్రమతో ఉన్నత స్థానమును నిలబెట్టుకొనుచున్నది. అనుసరణీయము' అని కోదండపాణి నివేదికలో రాయించాడు. జలపాతం, సీతాకోకచిలుకల తోట, కాఫీ తోట, సముద్రపు ఒడ్డు, చవక బస్సు ప్రయాణం, అన్నీ పచ్చబడ్డాయి.

మిగిలింది అగ్నిపర్వతం.

హాస్టల్ ముంగిట ఒక చెక్క బెంచీ ఉంది. దానికి ఎదురుగా కొండ. అక్కడే ఉందని అందరూ చెబుతారు. ముక్తేశ్వరరావు వాళ్ళకి కనబడ్డది మాత్రం తెల్లటి మబ్బు. తొమ్మిదో రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా ముగ్గురూ మబ్బుకు వీపు పెట్టి నిలబడి ఫొటోలు తీసుకున్నారు. 'వస్తువు కనబడలేదు. మరల ప్రయత్నించుడి' అంది యాప్ అరవై రెండుసార్లు.

"కొండ కనబడకపోతే కుర్రాళ్ళు ఏం చేస్తారమ్మా?" అని ఇసబెల్‌ని అడిగాడు ముక్తేశ్వరరావు.

"పోస్టుకార్డు కొనుక్కుని సముద్రానికి పోతారు."

హైమవతికి ఆలోచన తట్టింది. కోదండపాణి చెవి పక్కన అగ్నిపర్వతం పోస్టుకార్డు పట్టుకుని ఫొటో తీయించింది. యాప్ ఒక నిమిషం ఆలోచించి ఇలా చెప్పింది: 'పర్వతము గుర్తింపబడినది. అధికారి చెవి కన్నను చిన్నదిగా నున్నందున తిరస్కరింపబడినది.'

* * *

కార్యక్రమం నుంచి కొండను తొలగించమని లేఖ పంపారు. నాలుగో రోజున జవాబు వచ్చింది.

"పర్వతము కనబడలేదని తెలుపుట చాలదు. కనబడలేదని స్థానిక రెవెన్యూ అధికారి ధ్రువీకరించవలెను. అట్టి అదృశ్య ధ్రువపత్రము అందిన పిమ్మట విషయము పరిశీలింపబడును."

ఆ ఊళ్ళో రెవెన్యూ అధికారి లేడు. మేయరమ్మ ఉంది. మందుల షాపు కూడా ఆవిడదే. ముక్తేశ్వరరావు వచ్చిన పని ఇసబెల్ స్పానిష్‌లో చెబుతుంటే మేయరమ్మ దగ్గుమందు సీసా కింద పెట్టేసి మొదటినుంచీ మళ్ళీ చెప్పమంది. తర్వాత పెట్టెలోంచి ఒక ముద్ర తీసింది. ఆ ముద్ర ఊరి పండుగనాడు అందమైన ఎద్దుకు బహుమతి ఇచ్చేటప్పుడు వాడతారు.

"ఏం రాయమంటాడు?"

"కొండ కనబడలేదని రాయాలట."

"ఎప్పుడు కనబడింది గనక?" అని నవ్వుతూనే ఆవిడ రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది.

దాని ప్రతి చూసి ప్రధాన కార్యాలయం ఏమందంటే: "ఒకటి. ధ్రువపత్రము స్పానిష్ భాషలో నున్నది. గుర్తింపు పొందిన అనువాదకునిచే తెలుగు చేయించి, అసలుతో జతపరచి సమర్పించవలెను. మండలి జాబితాలో ఒరియా, కన్నడము, పారశీకము, డచ్చి భాషల అనువాదకులు గలరు. రెండు. పర్వతము ఉండియు మేఘము అడ్డు వచ్చినదా, లేక పర్వతమే లేదా అనునది స్పష్టము చేయలేదు. లేని పర్వతమును కార్యక్రమములో చేర్చినచో అది వేరే విచారణ. మూడు. వాస్తవము తేల్చుటకు స్పెషల్ కమిషనర్ గారి నేతృత్వమున ఐదుగురు సభ్యుల పరిశీలక బృందము బయలుదేరుచున్నది."

ముక్తేశ్వరరావు ఇంటికి ఫోన్ చేశాడు.

"ఐదుగురొస్తున్నారు సుభాషిణీ. వాళ్ళు మబ్బు చూస్తారు. మబ్బేనని తేల్చేస్తారు. అందరం కలిసి వచ్చేస్తాం."

"మరి వాళ్ళకైనా తిరుగు టిక్కెట్టు ఇచ్చారాండీ?"

 ఆ సంగతి మండలిలో ఎవరికీ తట్టలేదు. కుడికన్ను సగం పోయిన ఆవిడకి కాకినాడలో కూర్చుంటే తట్టింది.

* * *

ఐదుగురూ వచ్చారు. నలభై ఏడో నంబరు సర్క్యులర్ వాళ్ళకీ వర్తిస్తుంది. వాళ్ళ కార్యక్రమంలో ఒకే ఒక్క అంశం: 'పర్వత పరిశీలన.' వాళ్ళు మబ్బుకు వీపు పెట్టి నిలబడ్డారు. 'వస్తువు కనబడలేదు' అంది యాప్.

స్పెషల్ కమిషనర్ హోదా జాయింట్ డైరెక్టర్ కన్నా పెద్దది. కోదండపాణి రెండో అంతస్తుకు దిగాడు. ముక్తేశ్వరరావు కిందే ఉన్నాడు. అంతకన్నా కిందికి మంచాలు లేవు.

ఐదుగురు ఎందుకు తిరిగి రావడం లేదో తెలుసుకోవడానికి ఆరుగురిని పంపారు. ఆరుగురి మీద పర్యవేక్షణకి ఇంకో ఐదుగురిని పంపారు. ఏప్రిల్ ఇరవై నాటికి ఇసబెల్ హాస్టల్లో మండలి అధికారులు పంతొమ్మిది మంది. చివరి జట్టుతో అడిషనల్ సెక్రటరీ వచ్చాడు. మూడో అంతస్తులో అప్పటికే స్పెషల్ కమిషనర్ ఉన్నాడు. నాలుగో అంతస్తు లేదు. చివరికి హాల్లో ఎత్తుగా ఉన్న దూలాలకి ఒక వలమంచం కట్టి ఆయన్ని అందులోకి ఎక్కించారు. తుమ్మితే ఊగేవాడు. గదిలో స్పెషల్ కమిషనర్ లేచి కూర్చుని "సార్?" అనేవాడు, తల పైకప్పుకి కొట్టుకునేది.

ఇసబెల్ ముక్తేశ్వరరావుని వంటింట్లోకి పిలిచింది.

"సెన్యోర్, నా మంచాల మీద జనం మూడు రోజులుంటారు. మీరు కాపురం పెట్టారు. నా పొయ్యి మీద పులుసు కాస్తున్నారు. నా దేశదేశాల కుర్రాళ్ళు తలుపు దాకా వచ్చి, లోపల మీవాళ్ళు బనియన్లతో మీటింగ్ పెట్టడం చూసి పారిపోతున్నారు. ఎప్పుడు పోతారు?"

"కొండ కనబడగానే."

"కొండ నెలకోసారి కనబడుతుంది. పది నిమిషాలు. మీవాళ్ళు ఆ పది నిమిషాలూ బయట ఉంటారా?"

ముక్తేశ్వరరావు కిటికీలోంచి చూశాడు. ముంగిట బెంచీ ఖాళీగా ఉంది. పంతొమ్మిది మందిలో పద్దెనిమిది మంది లోపల హాల్లో ఉన్నారు. 'మేఘ సమీక్షా ఉపసంఘం' మూడో సమావేశం నడుస్తోంది. మబ్బును చూసే అధికారం ఏ హోదావారికి ఉండాలన్నది చర్చాంశం. అది తేలేదాకా బెంచీ మీద ఎవరూ కూర్చోరాదని తాత్కాలిక ఉత్తర్వు.

ఏప్రిల్ ఇరవై మూడున అతను దరఖాస్తు పెట్టుకున్నాడు. భార్య కంటి ఆపరేషన్ మే నాలుగున. తాను ముప్పైన రిటైరవుతున్నాడు. దయతలచి ముందుగా పంపవలసింది.

కోదండపాణి చదివి నిట్టూర్చాడు. "మానవతా దృక్పథంతో చూడదగ్గ విషయమే ముక్తేశ్వరరావు గారూ. కాని మానవతా దృక్పథం నా స్థాయిలో లేదు. అడిషనల్ సెక్రటరీ స్థాయిలో ఉంటుంది."

అడిషనల్ సెక్రటరీ వలమంచంలోంచి కిందికి చూశాడు. "మా స్థాయిలో కూడా లేదయ్యా. ప్రధాన కార్యాలయానికి పంపు."

* * *

ప్రధాన కార్యాలయం జవాబు ఏప్రిల్ ఇరవై ఏడున వచ్చింది. సుభాషిణికి అక్షరాలు ఆనవు కనుక ముక్తేశ్వరరావు ఫోనులో చదివి వినిపించాడు.

"'ఒకటి. పదవీ విరమణ వయస్సు పొడిగించు అధికారము ఎవరికిని లేదు. కావున శ్రీ ముక్తేశ్వరరావు ముప్పయ్యవ తేదీ ముగిసిన క్షణమున విరమించిన వారగుదురు. రెండు. పర్యటన అసంపూర్తిగా నున్నందున వారికి తిరుగు టిక్కెట్టు ఇచ్చుట కుదరదు. మూడు. విరమించిన పిమ్మట వారు ప్రైవేటు వ్యక్తి. ప్రైవేటు వ్యక్తి ప్రభుత్వ ఖర్చుతో వసతిలో నుండుట తీవ్రమైన అక్రమము. కావున తక్షణము వసతి ఖాళీ చేయవలెను.'"

చదవడం ముగించాడు. "ఇక్కడుండనివ్వరు. రానివ్వరు. ఏం చెయ్యమంటావే?"

 "మూడోది మళ్ళీ చదవండి," అంది సుభాషిణి.

చదివాడు.

"ప్రైవేటు వ్యక్తి అన్నారు కదా?"

"అన్నారు."

"ప్రైవేటు మనిషికి మీ సర్క్యులరెందుకండీ? పారిపోయాడనడానికి ఉద్యోగం ఏదీ? అక్కడ తిరిగే కుర్రాళ్ళలాగ సంచీ భుజానేసుకుని బస్సెక్కి వచ్చెయ్యడమే."

ముక్తేశ్వరరావు బెంచీ కోసం చేత్తో తడుముకున్నాడు. ఉత్తర్వు గుర్తొచ్చి నిలబడే ఉన్నాడు.

"ముప్పయ్యో తేదీ రాత్రి ఇక్కడ పన్నెండు కొడితే అక్కడెంతవుతుంది?"

"అదే రోజు మధ్యాహ్నం పన్నెండున్నర."

"మండలికి ఒకటే గడియారమన్నారు కదా. అయితే మీరు రిటైరయ్యేది మధ్యాహ్నం పన్నెండున్నరకి. సాయంత్రం విమానానికి అమ్మాయి చేత టిక్కెట్టు తీయిస్తాను. పన్నెండున్నరకి ముందు మాత్రం గుమ్మం దాటకండి. ఆళ్ళసలే మంచోళ్ళు కాదు."

* * *

ఏప్రిల్ ముప్పై. మధ్యాహ్నం పన్నెండు ఇరవై.

హాల్లో మేఘ సమీక్షా ఉపసంఘం తొమ్మిదో సమావేశం. మబ్బు ఫొటోలు నాలుగు వందల పన్నెండింటిని హైమవతి స్లయిడ్లుగా చేసింది. గోడమీద స్లయిడ్లు కనబడడానికి కిటికీలకి మందపాటి తెరలు వేశారు. ముక్తేశ్వరరావు చివరి కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పన్నెండు ముప్పై. అందరి ఫోనుల్లోనూ యాప్ గంట మోగింది. కొత్త తేదీ మొదలైంది. ముక్తేశ్వరరావు ఫోను మాత్రం ఇంకో మాట చెప్పింది: 'మీరు ఉద్యోగి కారు. సెలవు.'

కోదండపాణి లేచాడు. ఒక దండ వేశాడు. అరటినారతో ఇసబెల్ గుచ్చిన పూలదండ. "ముక్తేశ్వరరావు గారి నిరుపమాన సేవలను మండలి ఎన్నటికీ మరువదు," అన్నాడు. వెంటనే గొంతు సవరించుకున్నాడు. "ఇకపోతే ఇది రహస్య సమావేశం. ప్రైవేటు వ్యక్తులు బయటికి వెళ్ళవలసిందిగా కోరుతున్నాను."

తలుపు మూసుకుంది.

బస్సు రెండు గంటలకి. ముక్తేశ్వరరావు ముంగిట బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడతన్ని వద్దనే ఉత్తర్వు ఏదీ లేదు. దండ తీసి పక్కన పెట్టాడు. చెప్పులు విడిచాడు.

ఒంటి గంటా పది నిమిషాలు.

ముందు గాలి మారింది. తర్వాత మబ్బుకు కింద అంచు దగ్గర ఒక చీలిక పడింది. ఆకుపచ్చ నడుము కనబడింది. దాని పైన బూడిదరంగు భుజం. చీలిక పైకి పాకింది. ఎవరో దుప్పటి లాగేసినట్టు మబ్బంతా ఒక పక్కకి జారిపోయింది. ఎదురుగా, ఆకాశాన్ని సగం మూసేస్తూ, కొండ. కొనలోంచి సన్నటి పొగ, వంట ముగించిన పొయ్యిలాగ.

ముక్తేశ్వరరావు నోరు తెరిచాడు. తన సొంత ఫోనుతో ఒక్క ఫొటో తీశాడు. తర్వాత ముప్పై ఐదేళ్ళ అలవాటు అతన్ని లేపి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా హాలు తలుపు దగ్గరికి పరిగెత్తించింది.

తలుపు సందులోంచి హైమవతి తల బయటపెట్టింది.

"అమ్మా, కొండ! కొండ కనబడుతోంది! అందర్నీ రమ్మనండి!"

"ఎవరది?" లోపలినుంచి కోదండపాణి గొంతు.

"ముక్తేశ్వరరావు గారండీ. కొండ కనబడుతోందంటున్నారు."

"ఏ హోదాలో అంటున్నారు?"

హైమవతి ముక్తేశ్వరరావుని చూసింది. "ప్రైవేటు వ్యక్తిగానండీ."

"అయితే లిఖితపూర్వకంగా ఇమ్మనండి. ఇన్‌వర్డు రిజిస్టర్లో వేసి ఎజెండా చివర్లో పరిశీలిద్దాం."

"అమ్మా, ఆ కిటికీ తెర ఒక్కసారి తియ్యండి చాలు!"

"తెర తీస్తే స్లయిడ్లు కనబడవు సార్," అంది హైమవతి మెల్లగా. ఆవిడ కళ్ళు మాత్రం అతని భుజం మీదుగా బయటికి చూడాలని ప్రయత్నించాయి. మధ్యలో స్తంభం అడ్డం. "నిజంగానే కనబడిందా సార్? ఎలా ఉంది?"

"రెండడుగులు బయటికొచ్చి చూడమ్మా."

ఆవిడ ఒక కాలు గడప దాటించింది. "హైమవతి గారూ! తర్వాతి స్లయిడ్!" అని పిలుపు వచ్చింది. కాలు వెనక్కి వెళ్ళింది.

ముక్తేశ్వరరావు కాగితం మీద గబగబా రాశాడు: 'అయ్యా, కొండ కనబడుచున్నది. చిత్తగించవలెను.' తలుపు కింద నుంచి తోశాడు. లోపల దానికి నంబరు వేశారు. ప్రైవేటు వ్యక్తుల అర్జీలు తీసుకోవచ్చునా అని పదిహేను నిమిషాలు చర్చించారు. తీసుకోవచ్చునని పదకొండు ఓట్లు, వద్దని ఏడు. అడిషనల్ సెక్రటరీ ఆదేశం మీద తెర తీశారు.

కిటికీ నిండా మబ్బు.

కోదండపాణి బయటికి వచ్చి మబ్బును చూశాడు, తర్వాత ముక్తేశ్వరరావుని చూశాడు. అతను ఫోనులో ఫొటో చూపించాడు. స్పష్టమైన కొండ. కోదండపాణి చాలాసేపు దాన్ని చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయనిపించింది.

"చెల్లదండీ," అన్నాడు చివరికి. "ఇందులో అధికారి ముఖం లేదు. ఉన్నా అది మీ ముఖం. మీ ముఖం ఇప్పుడు ప్రైవేటుది. ఒక్క నలభై నిమిషాలు ముందు చూసి ఉంటే బాగుండేది."

"అప్పుడు నేను మీ స్లయిడ్లు చూస్తున్నానండీ," అన్నాడు ముక్తేశ్వరరావు. సర్వీసు మొత్తంలో పైఅధికారికి అతను ఎదురు చెప్పిన మాట అదొక్కటే. అదీ సర్వీసు అయిపోయాక.

బస్సు వచ్చింది. ఇసబెల్ అరటి ఆకులో అన్నం, చిక్కుడు గింజలు కట్టి ఇచ్చింది. "మిగతా పద్దెనిమిది మంది ఎప్పుడు రిటైరవుతారు?" అని అడిగింది. ముక్తేశ్వరరావు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "అందర్లోకీ చిన్నామె హైమవతి గారు. ఆవిడకింకా ఇరవై రెండేళ్ళ సర్వీసుంది."

ఇసబెల్ స్పానిష్‌లో ఏదో అంది. దాన్ని అనువదించడానికి మండలి జాబితాలో ఎవరూ లేరు.

* * *

మే మూడు సాయంత్రానికి ముక్తేశ్వరరావు కాకినాడ చేరాడు. నాలుగున పొద్దున్న సుభాషిణి చెయ్యి పట్టుకుని ఆపరేషన్ గది దాకా నడిపించాడు. ఐదున కట్టు విప్పారు. ఆవిడ కళ్ళు చికిలించి అతన్ని ఎగాదిగా చూసి, "ఎంత నల్లబడిపోయారండీ!" అంది.

అతను ఫోను తీసి కొండ చూపించాడు.

"దీనికోసమా?" అంది. "మన సామర్లకోట రోడ్డులో ఇటుకల బట్టీ ఇంతకన్నా పొగ వదులుతుంది."

నెల తిరక్కుండా కొత్త కళ్ళజోడు వచ్చింది. అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో మండలి కవరు కూడా వచ్చింది. సుభాషిణి తానే చింపింది. కళ్ళజోడు పెట్టుకుని ఆమె మొదట చదివిన కాగితం అదే. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఆనందంగా, పైకి చదివింది:

"'ప్రభుత్వ కార్యక్రమములో చేర్చబడిన పర్వతమును, సదరు కార్యక్రమము అమలులో నుండగా, పై అధికారులు చూడక మునుపే, అనుమతి లేకుండ, ప్రైవేటు హోదాలో తాము దర్శించినట్లు తెలియవచ్చినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'" ఆమె తలెత్తింది. "ఏం రాస్తారండీ?"

ముక్తేశ్వరరావు పెట్టె తెరిచి అడుగున వెతికాడు. మేయరమ్మ ఇచ్చిన ధ్రువపత్రం భద్రంగానే ఉంది. దాని మీద ఎద్దు ముద్ర మెరుస్తోంది. తెల్లకాగితం తీసుకుని రాశాడు:

'అయ్యా, తమ లేఖ వచ్చినదని తపాలా వారు చెప్పుచున్నారు. అయితే దట్టమైన మేఘము ఆవరించి నున్నందున అది నాకు కనబడలేదు. ఇందుకు సంబంధించిన అదృశ్య ధ్రువపత్రము జతపరచడమైనది. అనువదింపజేసుకొని చిత్తగించవలెను.'

"రోహిణి కార్తెలో మబ్బేంటండీ?" అంది సుభాషిణి. "బయట రోళ్ళు పగిలిపోతుంటేనూ."

"ధ్రువపత్రం ఉందిగా."

ఆమె కాగితం అందుకుంది. దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి, కుడికన్ను మూసి ఒకసారి, ఎడమకన్ను మూసి ఒకసారి చదువుకుంది.

"కింద తారీఖు వెయ్యలేదు," అంది.

"ఏ గడియారం ప్రకారం వెయ్యమంటావు?" అన్నాడు ముక్తేశ్వరరావు.